నమూనాకు తగ్గ సరుకు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితం, నేత కుటుంబాల కోసం

వార్షికోత్సవ సంచిక అంటే పెద్దల సందేశాలు, ఫొటోలు, జమాఖర్చులు ఎలాగూ ఉంటాయి. వాటి మధ్య ఒక మహనీయుని జీవితం కూడా ఉంటే ఇంట్లో పిల్లలు ఫోనులోనైనా తీరిగ్గా చదువుతారని మా ఆశ. ఈసారి పాత కోలారు జిల్లాలో పుట్టి, ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితం చెప్పుకుందాం.

ఆయన కట్టించిన ఆనకట్టల గురించి అందరికీ తెలుసు. సెప్టెంబర్ 15 ఆయన పుట్టినరోజు అనీ, ఆ రోజును ఇంజినీర్ల దినంగా జరుపుకుంటారనీ బడి పిల్లవాడినడిగినా చెబుతాడు. మేము చెప్పదలచుకున్నది వేరే సంగతి. సరుకు తయారుచేయడం ఒక ఎత్తు, దాన్ని నలుగురికీ చూపించి అమ్ముకోవడం మరో ఎత్తు. ఈ రెండో ఎత్తు గురించి గట్టిగా ఆలోచించిన పాలకుల్లో ఆయన ఒకరు. వస్తు ప్రదర్శనలు, వాల్‌పోస్టర్లు, పెట్టె మీద బొమ్మలు అన్నీ అందులోకే వస్తాయి. ఎగ్జిబిషన్‌లో స్టాలు పెట్టని నేత సంఘం ఇప్పుడు అరుదు. కాబట్టి ఆ జీవితంలో మనకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

ఇంకో మాట. మన పెద్దల్లో విశ్వేశ్వరయ్య గారిని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, ఆయన మిల్లుల పక్షం మనిషి అనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏదీ దాచకుండా చెప్పుకుంటేనే మేలు.

మోక్షగుండం నుంచి ముద్దేనహళ్లికి

ఇంటిపేరే ఊరి పేరు. మోక్షగుండం గిద్దలూరు వైపున్న పల్లె. ఆ కుటుంబం ఎన్నో తరాల కిందట అక్కడి నుంచి మైసూరు సీమకు వలస వచ్చింది. తండ్రి శ్రీనివాస శాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. చిక్కబళ్లాపురం దగ్గర నంది కొండల పాదాన ఉన్న ముద్దేనహళ్లిలో 1861 సెప్టెంబర్ 15న విశ్వేశ్వరయ్య పుట్టారు. కొన్ని పుస్తకాల్లో 1860 అని కూడా ఉంటుంది. అప్పటికి అదంతా కోలారు జిల్లాయే. 2007లో చిక్కబళ్లాపురం వేరే జిల్లా అయింది.

పదిహేనేళ్ల ప్రాయంలోనే తండ్రి పోయారు. చిక్కబళ్లాపురంలో కొంత, బెంగళూరులో కొంత చదువు సాగింది. సొంత ఖర్చుల కోసం పిల్లలకు పాఠాలు చెబుతూ సెంట్రల్ కాలేజీలో 1881లో బీఏ అయ్యారు. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో పూనా వెళ్లి 1883లో ఇంజినీరింగ్ పూర్తిచేశారు. 1884లో బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగం దొరికింది.

అక్కడి పనులను త్వరగా దాటేద్దాం. సింధులో సుక్కూరుకు మంచినీళ్లు తెచ్చారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకు 1903లో తనంతట తానే తెరుచుకుని మూసుకునే గేట్లు పెట్టారు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిచింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువుల వెనక ఉన్నది ఆయన సలహాయే. తెలంగాణలోని మన నేత బంధువులు ఈ కథ బాగా ఎరుగుదురు.

జపాన్‌లో చూసింది

1898లో సెలవు పెట్టి ఆయన జపాన్ వెళ్లారు. ఒక భారతీయ ఇంజినీరు విద్య కోసం ఇంగ్లాండు చూడకుండా జపాన్ చూడాలనుకోవడం ఆ రోజుల్లో వింతే. జపాన్ ముప్పై ఏళ్లలోనే బడులు, కర్మాగారాలు, రైళ్లు, బ్యాంకులు పెట్టి లేచి నిలబడింది. ఆసియా దేశం ఒకటి ఇంత పని ఎలా చేసిందో కళ్లారా చూడాలని ఆయన పట్టుదల. చూసినదంతా రాసుకున్నారు. కానీ సర్కారు ఉద్యోగిగా ఉండి దాన్ని అచ్చువేయించలేదు.

ఈ జపాన్ సంగతిలో మన వృత్తికి సంబంధించిన కథ ఒకటి ఉంది. క్యోటో నగరంలో నిషిజిన్ అనే పేట తరతరాలుగా పట్టు నేతకు పేరు. 1868 తర్వాత రాజధాని క్యోటో నుంచి టోక్యోకు మారిపోయింది. రాజకుటుంబం, దర్బారు వెళ్లిపోయాయి. పెద్ద కొనుగోలుదారు పోతే నేతవాడి గతి ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పుడు క్యోటో అధికారులు 1872లో ముగ్గురిని ఫ్రాన్స్‌లోని లియాన్ పట్టణానికి పంపారు. వాళ్లు జకార్డు పనితనం నేర్చుకున్నారు, ఆ సామగ్రి క్యోటోకు వచ్చింది. మరుసటి ఏడాదే, 1873లో, ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు జపాన్ తన పట్టును, పింగాణీని తీసుకుని వెళ్లింది. ఒక చేత్తో నేర్చుకోవడం, రెండో చేత్తో చూపించుకోవడం. జకార్డు మీద అంచు వేసే మన పిల్లలు ఆ పెట్టె లియాన్‌లో పుట్టిందని, దాన్ని క్యోటో నేతగాళ్లు వెతుక్కుంటూ వెళ్లి తెచ్చుకున్నారని గుర్తు పెట్టుకోవాలి.

విశ్వేశ్వరయ్య గారికి జపాన్‌లో పట్టుబడిన కీలకం కూడా ఇదే. చదువు, పెట్టుబడి, యంత్రం, అమ్మకం ఇవన్నీ ఒకే పడుగులోని పోగులు. ఒక పోగు తెగితే గుడ్డలో సందు కనబడుతుంది.

బంగారు గనులకు కరెంటు

1909 నవంబర్‌లో ఆయన మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజినీరుగా వచ్చారు. అప్పటికి ఏడేళ్ల ముందే, 1902లో, దివాన్ శేషాద్రి అయ్యర్ హయాంలో మొదలైన పథకం ఫలించి కావేరి మీది శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు వచ్చింది. దూరం సుమారు 92 మైళ్లు. అంత దూరం తీగల మీద కరెంటు తేవడం ఆ కాలానికి గొప్ప. బెంగళూరు వీధులకు దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని నగరం కంటే ముందు కరెంటు ముఖం చూసింది మన గనుల ఊరే.

అయితే ఒక చిక్కు ఉంది. వేసవిలో కావేరి సన్నబడుతుంది. నీళ్లు తగ్గితే కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే గని లోతుల్లో నీళ్లు తోడే పంపులకు, మనుషులను దించే యంత్రాలకు కష్టం. గనుల కంపెనీలు ఏడాది పొడవునా ఒకే తీరున కరెంటు కావాలన్నాయి. నదికి అడ్డంగా పెద్ద జలాశయం కట్టి నీళ్లు నిలవ చేస్తే గనులకు కరెంటు, మండ్య పొలాలకు సాగునీరు రెండూ దొరుకుతాయని విశ్వేశ్వరయ్య గారు లెక్క చూపించారు. అంత ఖర్చు ఎందుకన్న వాళ్లకు గనుల నుంచి వచ్చే కరెంటు రాబడి జవాబైంది. 1911లో కృష్ణరాజ సాగరం పని మొదలైంది. రోబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వీధుల్లో పెరిగిన మన పిల్లలు మైసూరు దగ్గర ఆ డ్యామ్ చూడటానికి వెళ్లినప్పుడు దాని పుట్టుకలో మన గనుల పాలు కూడా ఉందని తెలుసుకోవాలి.

ఈ కరెంటు కథకు ఇంకో ముఖం కూడా ఉంది. మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ వడయార్ 1912లో స్విట్జర్లాండ్ పవర్‌లూములతో మైసూరులో పట్టునేత కర్మాగారం పెట్టించారు. మైసూరు సిల్కు చీర అక్కడే పుట్టింది. కరెంటుతో ఆడే మగ్గం మన చేతి మగ్గానికి పోటీగా నిలబడబోతోందన్న మొదటి సూచన అదే. గనిలో మనిషి ప్రాణానికి అండగా నిలిచిన కరెంటే గుంటమగ్గం ముందు పోటీదారుగా వచ్చింది. దీన్ని ఎవరి తప్పనీ అనలేం. కాలం రెండు వైపులా కోస్తుంది.

కాన్ఫరెన్సు, దసరా ప్రదర్శన

1911 జూన్‌లో మైసూరు ఎకనామిక్ కాన్ఫరెన్స్ మొదలైంది. వెనక ఉండి నడిపింది విశ్వేశ్వరయ్య గారు. వ్యవసాయం, పరిశ్రమలు–వాణిజ్యం, విద్య అని మూడు కమిటీలు. అధికారులతోపాటు వ్యాపారులు, రైతులు, చదువుకున్న వాళ్లు కూర్చుని సంస్థానంలో ఏం పండుతోంది, ఏం తయారవుతోంది, ఏది బయటి నుంచి కొంటున్నాం అని లెక్కలు తీసేవాళ్లు. ఆ పని జిల్లాల్లోకి, తాలూకాల్లోకి కూడా వెళ్లింది. లెక్క లేకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదన్నది ఆయన పద్ధతి. 1912 నవంబర్‌లో ఆయన దివాను అయ్యారు. ఆరేళ్లలో చేసిన పనుల పట్టీ పెద్దదే. 1913లో బ్యాంక్ ఆఫ్ మైసూర్, అదే ఏడాది నిర్బంధ ప్రాథమిక విద్య చట్టం, 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, మైసూరు ఛేంబర్ ఆఫ్ కామర్స్. పరిశ్రమలకు ప్రత్యేక శాఖ, చేతిపనులు నేర్పే బడులు సరేసరి.

మైసూరు దసరాకు వస్తు ప్రదర్శన 1880 నుంచే ఉంది. పదో చామరాజ వడయార్ కాలంలో మొదలైంది. ఉత్సవానికి వచ్చిన జనం ఏనుగులు, దీపాలు చూసి వెళ్లిపోకుండా కొత్త పనిముట్లు, కొత్త విత్తనాలు, మంచి పనితనం కూడా చూడాలని దాని ఉద్దేశం. ఎకనామిక్ కాన్ఫరెన్స్ కాలంలో ఆ ఉద్దేశానికి బలం చేకూరింది. జాతరలో సరుకు అమ్మితే ఆ పూట గడుస్తుంది. ప్రదర్శనలో సరుకు చూపిస్తే తర్వాత ఆర్డరు వస్తుంది. ఈ రెండింటికీ తేడా ఉందని సంస్థానం తెలుసుకున్న రోజులవి.

1914 యుద్ధం, గోడల మీద పోస్టర్లు

ఇక్కడ కొంచెం దూరం వెళ్లి రావాలి. జర్మనీలో లైప్‌జిగ్ అనే పట్టణం ఉంది. అక్కడ వందల ఏళ్లుగా పెద్ద సంత జరిగేది. పూర్వం వర్తకులు సరుకంతా బండ్ల మీద మోసుకొచ్చేవాళ్లు. రైళ్లు వచ్చాక, యంత్రాలు ఒకే రకం సరుకు వేలకొద్దీ తీయడం మొదలయ్యాక అంతా మోయాల్సిన పని లేదని తేలింది. 1895 నుంచి అది నమూనాల సంతగా మారింది. ఒక ముక్క తెచ్చి చూపించు, ఆర్డరు రాసుకో, తర్వాత సరుకు పంపు. అంతే. మన చేతిలో ఉండే సాంపిల్ గుడ్డల పుస్తకం కూడా ఇదే కదా.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో దారులు మూసుకుపోయాయి. జర్మన్ సంతకు వెళ్లలేని దేశాలు తమ సంతలు తామే పెట్టుకున్నాయి. 1915లో బ్రిటన్ పరిశ్రమల ప్రదర్శన, 1916లో ఫ్రాన్స్‌లో లియాన్ సంత, 1917లో స్విట్జర్లాండ్‌లో బాసెల్ నమూనాల సంత, 1920లో ఇటలీలో మిలాన్ సంత. ఒక్కో సంతకూ గోడల నిండా పోస్టర్లు. పాత కాలపు పోస్టరులో దేవతలు, పూలదండలు, పతకాలు, నాలుగు పేరాల రాత ఉండేవి. పోను పోను ఆ తీరు మారింది. ఒక పెద్ద ఆకారం, రెండు మూడు రంగులు, ఊరు, తేదీ. ట్రాములో వెళ్లే మనిషి ఒక్క చూపులో చదివేయాలి. 1917లో ఎరిక్ గ్రూనర్ అనే చిత్రకారుడు లైప్‌జిగ్ సంతకు ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన రెండు ఎం అక్షరాల గుర్తు గీశాడు. జర్మన్ భాషలో నమూనాల సంత అనే మాటకు మొదటి అక్షరాలవి. నూరేళ్లు దాటినా ఆ ఊరిలో ఆ గుర్తు నిలిచే ఉంది. ఆ కాలపు పోస్టర్లను ఈనాడు మ్యూజియంలు భద్రంగా దాస్తున్నాయి, వేలంలో డబ్బున్నవాళ్లు కొంటున్నారు.

అదే యుద్ధం మైసూరును కూడా తాకింది. సంస్థానపు గంధపు చెక్క ఎక్కువగా జర్మనీకి వెళ్లి అక్కడ నూనెగా మారేది. యుద్ధంతో ఆ కొనుగోలు ఆగిపోయింది. చెక్క గుట్టలుగా మిగిలింది. అప్పుడు బెంగళూరులో మనం టాటా ఇన్‌స్టిట్యూట్ అనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సడ్‌బరో, వాట్సన్ అనే ఆచార్యులు ఇక్కడే నూనె తీసే పద్ధతి చేసి చూపించారు. 1916లో బెంగళూరులో గంధపు నూనె కర్మాగారం, తర్వాత మైసూరులో ఇంకొకటి వచ్చాయి. అంటే లియాన్ వాళ్లు కొత్త సంత పెట్టుకున్న ఏడాదే మైసూరు ముడిచెక్క అమ్మడం మాని నూనె అమ్మడం మొదలుపెట్టింది. కారణం ఒకటే. ఒకడి వాకిలి మీదే ఆధారపడితే ఆ వాకిలి మూసుకున్న రోజు పస్తే.

నూనె నుంచి సబ్బుకు వచ్చారు. ఎస్.జి. శాస్త్రి అనే యువ రసాయన శాస్త్రజ్ఞుణ్ణి ఇంగ్లాండు పంపి సబ్బు తయారీ నేర్పించారు. 1918 నాటికి మైసూరు శాండల్ సబ్బు పని మొదలైంది. కోడిగుడ్డు ఆకారంలో సబ్బు, నగల పెట్టెలాంటి అట్టపెట్టె, సింహపు ఒంటికి ఏనుగు తల ఉన్న శరభం గుర్తు. తర్వాతి కాలంలో ట్రాము టికెట్ల మీద, అగ్గిపెట్టెల మీద దాని ప్రకటనలు కనిపించాయి. కరాచీలో ఒంటెల ఊరేగింపు కూడా తీశారు. సబ్బు శాస్త్రిగా ఆయన పేరు నిలిచింది. ఇదంతా చూస్తే ప్రచారం గొప్పదనిపిస్తుంది. కానీ పెట్టె విప్పితే లోపల అసలైన గంధపు నూనె ఉండబట్టే ఆ ప్రచారం నిలబడింది. విశ్వేశ్వరయ్య గారు వేసిన పునాది అది. పోస్టరు ముందు వైపు చిత్రకారుడిది. వెనక వైపు ప్రయోగశాల, బ్యాంకు, కరెంటు, పని నేర్పే బడి. వెనక వైపు గట్టిగా లేకపోతే ముందు వైపు ఒక్క వానకే కారిపోతుంది.

మరి మన మగ్గం?

ఇప్పుడు అసలు ప్రశ్న. గంధానికి, ఇనుముకు, కరెంటుకు ఇంత చేసిన మనిషి నేతకు ఏం చేశారు?

పట్టు పరిశ్రమకు మేలు జరిగింది. కోలారు సీమకు పట్టు పురుగు పాత చుట్టమే. శిడ్లఘట్ట, చింతామణి వైపు పట్టుగూళ్లు, రీలింగ్ ఈనాటికీ ఎన్నో ఇళ్లకు అన్నం పెడుతున్నాయి. ఆ కాలంలో పురుగుకు తెగులు తగిలి పంటలు పోతుంటే సంస్థానం ఇటలీ నుంచి నిపుణుణ్ణి పిలిపించింది. చన్నపట్నంలో పట్టు క్షేత్రం పెట్టింది. తల్లి సీతాకోకను సూక్ష్మదర్శినిలో పరీక్షించి తెగులు లేని గుడ్లే రైతుకివ్వడం అనే పద్ధతి మన ప్రాంతంలో వేళ్లూనింది. గూడు బాగుంటే పోగు బాగుంటుంది, పోగు బాగుంటే చీర బాగుంటుంది. ఇది మన దాకా వచ్చిన మేలు.

చేతి మగ్గం విషయంలో పరిశ్రమల శాఖ చేసింది ముఖ్యంగా ఫ్లైషటిల్ మగ్గాన్ని ప్రచారం చేయడం. నాడెను చేత్తో అటూ ఇటూ విసిరే బదులు తాడు లాగితే అదే పరుగెత్తుతుంది. అదే సమయంలో దాదాపు రెట్టింపు గుడ్డ వస్తుంది. ఆ శాఖను నడిపిన ఆల్ఫ్రెడ్ ఛాటర్‌టన్ అంతకు ముందు మద్రాసు ప్రభుత్వంలో ఉండి 1906 ప్రాంతంలో సేలంలో ఒక నేత కర్మాగారం పెట్టి చూశాడు. చేతి మగ్గాలనే ఒక కప్పు కింద చేర్చి కూలి ఇచ్చి నేయించాలని ప్రయోగం. నేతగాళ్లు వచ్చారు, పోయారు, నిలవలేదు. కొన్నేళ్లకే అది మూతపడింది. మన ఇళ్ల పని తీరు తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. మగ్గం మీద ఒకరే కనబడినా కండెలు చుట్టేది ఇంకొకరు, ఆసు పోసేది ఇంకొకరు, పడుగుకు గంజి పెట్టేటప్పుడు వీధి వీధంతా చేయి వేస్తుంది. ఆ ఇంటి పనిని ఇంటి దగ్గరే వదిలేసి నేసేవాణ్ణి ఒక్కణ్ణే కర్మాగారంలో కూర్చోబెడితే కూలి లెక్క కుదరదు.

విశ్వేశ్వరయ్య గారి చూపు మటుకు పెద్ద యంత్రం వైపే. దేశం పేదరికం పోవాలంటే భారీ పరిశ్రమలే దారి అని ఆయన నమ్మకం. ఆ దారిలో చేతి మగ్గానికి చోటు ఎక్కడ అన్న ప్రశ్నకు ఆయన దగ్గర పూర్తి జవాబు లేదని మనం ఒప్పుకోవాలి.

పదవి వదిలాక

1918 చివర ఆయన దివాను పదవికి రాజీనామా చేశారు. కారణం మన లాంటి కులాలకు సంబంధించినదే. ప్రభుత్వ ఉద్యోగాల్లో వెనకబడిన వర్గాలకు తగిన పాలు దక్కాలన్న డిమాండ్ మీద మహారాజు సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. ముందు చదువులు పెంచాలి, ఉద్యోగాలు అర్హతను బట్టే ఇవ్వాలి అన్నది విశ్వేశ్వరయ్య గారి పక్షం. మహారాజు అభిప్రాయం వేరు. ఆయన పదవి వదిలి వెళ్లారు. మిల్లర్ కమిటీ చూపిన దారి వల్లే సంస్థానంలో వెనకబడిన వర్గాల పిల్లలు ఆఫీసుల్లో అడుగుపెట్టగలిగారు. ఈ విషయంలో మనం మహారాజు వైపే ఉంటాం. అలాగని నిర్బంధ విద్య చట్టం తెచ్చిన చేతిని కూడా మరచిపోం.

తర్వాత ఆయన 1919–20లో మళ్లీ జపాన్, అమెరికా, యూరప్ తిరిగారు. 1923 నుంచి 1929 వరకు భద్రావతి ఇనుప కర్మాగారాన్ని గట్టెక్కించారు. ఆ పనికి తనకు రావలసిన డబ్బును బెంగళూరులో వృత్తివిద్యా సంస్థ పెట్టడానికి ఇచ్చేశారు. అదే జయచామరాజేంద్ర పాలిటెక్నిక్. 1934లో దేశానికి ప్రణాళిక ఎలా ఉండాలో పుస్తకం రాశారు.

గాంధీ గారితో ఆయనకు గౌరవం ఉంది, అభిప్రాయం కలవలేదు. 1927లో గాంధీ గారు ఒంట్లో బాగులేక మన నంది కొండ మీద వారాల తరబడి విశ్రాంతి తీసుకున్నారు. కొండ మీద రాట్నం మనిషి, కొండ కింద యంత్రం మనిషి పుట్టిన ఊరు. ఆ ఏడాది జూలైలో బెంగళూరులో ఖాదీ ప్రదర్శన జరిగింది. ఖాదీ ప్రదర్శనల్లో గుడ్డ ఒక్కటే కాదు, ఏకడం, వడకడం, నేయడం అన్నీ మనుషులు కూర్చుని చేసి చూపించేవాళ్లు. లైప్‌జిగ్ పోస్టరులో సరుకు ఉంది, చేసిన మనిషి లేడు. ఖాదీ ప్రదర్శనలో మనిషే ముందున్నాడు. ఈ రెండు దారుల మధ్యే మన చేనేత వందేళ్లుగా నడుస్తోంది.

1941లో విశ్వేశ్వరయ్య గారు అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థ స్థాపించారు. 1946లో, ఎనభై అయిదేళ్ల వయసులో, ఆ సంస్థ బృందానికి నాయకుడిగా అమెరికా, ఇంగ్లాండు కర్మాగారాలు చూసొచ్చారు. చివరి రోజుల్లో ఆయన చూపు పల్లెల మీదికి మళ్లింది. కొన్ని ఊళ్లను ఒక గుంపుగా చేర్చి, ఆ ఊళ్ల పెద్దలతోనే కమిటీ వేసి, ఏం తయారుచేయగలరో లెక్క తీసి, చిన్న పరిశ్రమలు పెట్టించాలని గ్రామ పారిశ్రామిక పథకం తయారుచేశారు. 1950 ప్రాంతంలో మైసూరు ప్రభుత్వం దాన్ని మొదట ప్రయోగంగా అమలు చేసిన జిల్లాలు రెండు. బెంగళూరు, కోలారు. పెద్ద యంత్రం మనిషి చివరికి పుట్టిన జిల్లా పల్లెల్లోకే తిరిగొచ్చారు. పల్లెవాళ్లే కూడి చేసుకోవాలన్న ఆ ఆలోచన మన సంఘాల ఆలోచనకు దూరమేమీ కాదు.

1955లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. అదే ఏడాది ఢిల్లీలో విదేశాల మండపాలతో భారత పరిశ్రమల ప్రదర్శన జరిగింది. తర్వాత 1972లో ఆసియా 72 సంత వచ్చింది. దానికోసం తయారైన ప్రగతి మైదానంలోనే ఇప్పుడు ఏటా నవంబర్‌లో అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన జరుగుతోంది. మన చీరలు అక్కడిదాకా వెళ్లొస్తున్నాయి. 1962 ఏప్రిల్‌లో నూరేళ్లు నిండిన వయసులో విశ్వేశ్వరయ్య గారు కన్నుమూశారు. ముద్దేనహళ్లిలో సమాధి, పుట్టిన ఇంటి దగ్గర మ్యూజియం ఉన్నాయి. బెంగళూరు కబ్బన్ పార్కులో ఆయన పేరు మీద పెట్టింది కూడా ఒక ప్రదర్శనశాలే. యంత్రాలు ఎలా పనిచేస్తాయో పిల్లలు చేత్తో తిప్పి చూసే చోటు. పిల్లలను ఒక్కసారైనా తీసుకెళ్లండి.

పోస్టరు మీద ఎవరి పేరు?

ఈ జీవితం నుంచి మనం తీసుకోవలసింది ఏమిటని మాలో మేము మాట్లాడుకున్నాం. రెండు సంగతులు తేలాయి.

మొదటిది, నమూనాకు తగ్గ సరుకు. ఎగ్జిబిషన్‌లో పెట్టిన చీర ఒకటి, ఆర్డరు మీద పంపే చీర ఇంకొకటి అయితే రెండోసారి ఎవరూ అడగరు. ఇప్పుడు ఫోనులో పంపే ఫొటోయే మన వాల్‌పోస్టరు. ప్రతి నమూనాకూ ఒక ముక్క, దాంతోపాటు పొడవు, వెడల్పు, పన్నె నంబరు, నూలు కౌంటు లేదా పట్టు రకం, రంగు కలిపిన కొలత, బరువు రాసి సంఘంలో దాచుకోవాలి. ఎన్ని చీరలు ఎన్ని రోజుల్లో ఇవ్వగలమో చూసుకునే ఆర్డరు ఒప్పుకోవాలి. విశ్వేశ్వరయ్య గారి లెక్కల పద్ధతి అంటే ఇదే. దీనికి కర్మాగారం అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు.

రెండోది, పేరు. ఇది ఆయన జీవితంలో కంటే దాని కొరతలో మనకు కనిపించే పాఠం. మైసూరు సిల్కు పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అది ప్రభుత్వ కర్మాగారం పేరు మీద ఉంది. పేరు ఎవరి చేతిలో ఉంటే ధర వాళ్ల చేతిలో ఉంటుంది. మనకూ గుర్తులు లేకపోలేదు. 2004లో సిల్క్ మార్క్, 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్, 2015లో ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ వచ్చాయి. చేతి మగ్గానికే కేటాయించిన రకాలను కాపాడటానికి 1985 చట్టం ఉంది. వీటిని అడిగి తెచ్చుకుని వాడుకునేది ఎంతమందిమి? గుర్తు లేని చీర పవర్‌లూము చీర పక్కన పడుకుంటే కొనేవాడు తక్కువ ధర వైపే చేయి చాపుతాడు. తప్పు వాడిది కాదు. ఇది చేతి నేత అని మనం చెప్పలేదు.

కాబట్టి ఈ వార్షికోత్సవం సందర్భంగా సభ్య కుటుంబాలకు మా విన్నపం ఒకటే. ఇక మీదట బయటికి వెళ్లే ప్రతి చీరకూ చిన్న చీటీ కట్టండి. అందులో ఊరి పేరు, నేసినవారి పేరు ఉండాలి. కండెలు చుట్టిన ఇంటి ఆడపడుచు పేరు, ఆసు పోసిన అవ్వ పేరు కూడా ఉంటే మరీ మంచిది. పెద్ద పోస్టర్లు వేయించే స్తోమత మనకు ఇంకా రాకపోవచ్చు. చీటీ వేయడానికి స్తోమత అక్కర్లేదు. కోలారు గడ్డ మీద పుట్టిన ఒక పెద్దమనిషి సరుకును లోకానికి చూపించడం ఎలాగో నేర్పి వెళ్లారు. ఆ సరుకు వెనకున్న మనిషిని చూపించే పని మనకు మిగిల్చారు.